నీళ్ళాపనింద

నమోదు 1

కుళాయికి దండం పెట్టి, బిందె కింద పెట్టి, "ధారకు జయం" అని మూడుసార్లు అన్నాక గానీ మా వీధిలో నీళ్ళు పట్టుకోకూడదు. నేను రెండో జయం చెబుతుండగా కోర్టు బంట్రోతు వచ్చి చేతిలో కాగితం పెట్టాడు. ధారనింద కేసులో ముద్దాయి తరఫున నన్ను వకీలుగా వేశారు. మూడో జయం గొంతులోనే ఉండిపోయింది. వెనకాల ఉన్నవాళ్ళు గమనించారేమోనని భయం వేసి, బిందె నిండాక ఇంకో రెండు ఎక్కువ చెప్పాను.

మంచెపట్నంలో ధారనింద కేసు ఎవరూ అడిగి తీసుకోరు. వంతు వచ్చి నెత్తిన పడుతుంది. ముద్దాయిని సమర్థించేవాడు కూడా లోలోపల నిందాపరుడేనని ధార గుడి నడిపే ధారసేవకుల నమ్మకం. వకీలు లేనిదే విచారణ జరగకూడదని చట్టం. కాబట్టి వకీలు ఉండాలి, మాట్లాడకూడదు. నా పేరు పరదేశి. మాట్లాడకుండా ఉండటంలో నాకు మంచి పేరుంది.

కేసు నడిచినన్నాళ్ళూ వకీలు ఇలా నమోదులు రాయాలని ఇంకో నియమం. వీటిని ఇంతవరకూ ఎవరూ చదివిన దాఖలా లేదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ముద్దాయి పేరు సన్యాసమ్మ. రేవు మంచె మీద క్రేను పక్కన భోజనాల బడ్డీ నడుపుతుంది. నిన్న మధ్యాహ్నం పక్క బడ్డీ గవర్రాజు ఆమె దగ్గర అన్నం తింటూ, చారు నోట్లో పోసుకుని మొహం చిట్లించాడట. ఇదేమిటని అడిగాడట. ఆమె జవాబు చెప్పిందట. అతను ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా ఠాణాకి పరుగెత్తాడు.

ఆ జవాబులో రెండు మాటలున్నాయి. మొదటిది "నీళ్ళు". రెండోది ఆవకాయలో కారం, ఆవపిండి తర్వాత పడేది. విడివిడిగా ఏ మాటా నేరం కాదు. పక్కపక్కన పెడితే మెట్లు దింపుతారు. ఆ మెట్లు మా ఊరిని మోసే ఇనపకాళ్ళలో ఒకదాని వెంబడి సముద్రంలోకి వెళ్తాయి. వాటిని దిగడానికే తప్ప ఎక్కడానికి ఎవరూ వాడలేదు.

నమోదు 2

ఠాణాలో రెండు కొట్లుంటే రెండింట్లోనూ మనుషులున్నారు. ఒకదాంట్లో సన్యాసమ్మ. రెండోదాంట్లో హెడ్డు కానిస్టేబులు దాలినాయుడు.

"అదేమిటయ్యా, నువ్వు లోపలున్నావు?" అన్నాను.

"ఫిర్యాదు రాసింది నేనే కదండి. గవర్రాజు నోటితో అనకుండా సైగలు సేసి సూపించినాడు. ఆవిడేటందో ఉన్నదున్నట్టు రాయాల కదా? రాసీసినాను."

పోయినేడు పెద్దసేవకులు చట్టాన్ని మరికాస్త పవిత్రం చేశారు. నిందను తిరిగి పలికినా, కాగితం మీద పెట్టినా అదీ నిందే. దాలినాయుడు ఫిర్యాదు పూర్తిచేసి, కింద సంతకం పెట్టి, ఆ సంతకమే సాక్ష్యంగా తనని తాను అరెస్టు చేసుకుని లోపల కూర్చున్నాడు. నిజాయితీపరుడు. తాళం మాత్రం వేరేవాళ్ళ చేత వేయించుకున్నాడు.

సన్యాసమ్మకి యాభై ఉంటాయేమో. గట్టి మనిషి. ఏమన్నావమ్మా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె చెబితే రెండో నేరం, నేను వింటే నా కొలువు.

"ఆ మాట ఒక్కటీ తప్పించి, జరిగింది చెప్పు."

"ఏటుంది బాబూ సెప్పడానికి? ఆడొచ్చి కూకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. ఏటే ఇది, సారులో డబ్బాడు ఒంపీసినావా అన్నాడు. చిటికెడు కూడా ఎయ్యనేదురా, ఎయ్యడం ఒగ్గీసి ఎన్నాలో అయిపోనాది అన్నాను. మరైతే ఎందుకిలగున్నాది అన్నాడు. అడిగినాడు కదాని సెప్పినాను. అడిగినోడికి సెప్పడం కూడా తప్పేనా?"

"గవర్రాజుకి నీ మీద కోపమేమైనా ఉందా?"

"నా మీద కోపమేటి బాబూ? నా బడ్డీ మీద పేమ."

ఆమె బడ్డీ ఓడలు దిగే దారికి ఎదురుగా ఉంటుంది. గవర్రాజుది దాని వెనకాల, క్రేను నీడలో. నిందాపరుల ఆస్తి ఫిర్యాదు చేసిన భక్తుడికి చెందుతుందని చట్టంలో ఒక చిన్న క్లాజు ఉంది. ఈ ఊళ్ళో భక్తి ఎందుకింత చురుగ్గా ఉంటుందో ఆ క్లాజు చదివినవాళ్ళకి అర్థమవుతుంది.

నేను వచ్చేస్తుంటే గోడ అవతల నుంచి దాలినాయుడు పిలిచాడు. "వకీలు గారూ, నా తరఫున కూడా తమరేనండి. ఇంకెవలూ రారు."

నమోదు 3

ఇంట్లో వరాలు వంటలో ఉప్పు మానేసి నెల దాటింది. ఉప్పు డబ్బా అటకెక్కింది. ఈ విషయం మా ఆలుమగల మధ్య ఇంతవరకూ చర్చకు రాలేదు. ఆమె వడ్డిస్తుంది, నేను తింటాను, ఇద్దరం గోడకేసి చూస్తాం.

సబ్బు నురగ రావడం మానేసింది. వరాలు ఆరేసిన చీర ఎండాక అప్పడంలా నిలబడింది. కిటికీలో గోంగూర మొక్క మాడిపోయింది. ధార గురించి ఎవరూ తప్పు మాట్లాడకూడదు కాబట్టి, ఊరు ఒక మంచి మాట కనిపెట్టుకుంది: అనుగ్రహం. "ఈ రోజు కుళాయిలో అనుగ్రహం బాగా ఉందండీ." "అనుగ్రహానికి మా చంటిదానికి విరేచనాలు." నిన్న సేవకులు డప్పు వేయించారు. అనుగ్రహం "ఎక్కువైంది" అనడం నిషేధం. అనుగ్రహానికి ఎక్కువ ఉండదు. ఉత్త "అనుగ్రహం" అనవచ్చు.

ధార అంటే ఏమిటో కొత్తవాళ్ళకి చెప్పాల్సి వస్తే చాలా ఇబ్బంది. ముత్తాతల కాలంలో సముద్రపు నీళ్ళని తాగేనీళ్ళుగా మార్చడానికి పెట్టిన యంత్రం అది. ఇప్పుడు యంత్రం అనకూడదు. దాని చుట్టూ గర్భగుడి కట్టి, తలుపులు మూసి, సీలు వేశారు. మొదటి సేవకులు చేతులకి గ్రీజు పూసుకుని పనిచేసిన మెకానిక్కులట. ఇప్పటి సేవకులకి రెంచీని పల్లకీలో ఊరేగించడం వచ్చు, తిప్పడం రాదు.

మధ్యాహ్నం తొలివాన పడింది. ధారనీళ్ళు తప్ప వేరే నీళ్ళు తాగితే పరజలపానం, అదో నేరం. అందుకని వాన పడితే ఊరంతా నోరు బిగించుకుని నడుస్తుంది. సేవకులు గొడుగులు వేసుకుని జనం నోళ్ళు చూసుకుంటూ తిరిగారు. పక్కింటి అప్పన్న తాత అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాళ్ళు రెండూ పొట్లకాయల్లా వాచి ఉన్నాయి. ఆకాశంకేసి చూసి, ఒకసారి పెదాలు తడుపుకుని, లోపలికి పోయాడు.

"కేసు ఒప్పుకున్నారా?" అంది వరాలు.

"ఒప్పుకోకపోతే ఊరుకోరు."

"ఆవిడ అబద్ధం చెప్పిందా?"

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

"మీరు కోర్టులో మాట్లాడకపోవడం నాకు అలవాటే. ఇంట్లో కూడానా?" అని లేచి వెళ్ళిపోయింది.

నమోదు 4

విచారణ మొదలైంది. న్యాయమూర్తి లోకనాథం గారు పెద్దమనిషి. ఆయన కుర్చీ పక్కన కొంచెం ఎత్తైన కుర్చీలో ధారసేవకుడు కూర్చుంటాడు. న్యాయమూర్తి చట్టాన్ని చూస్తారు, సేవకుడు న్యాయమూర్తిని చూస్తాడు.

ఫిర్యాదు కాగితం కోర్టుకి తెచ్చారు. దాలినాయుడు రాసిన వాక్యం మీద మైనపు ముద్ర వేసి మూసేశారు. కాబట్టి కోర్టు ముందు ఉన్న నేరం ఒక ఎర్రటి మైనపు చుక్క. గవర్రాజు బోనెక్కాడు.

"ముద్దాయి ఏమన్నది?" అన్నారు లోకనాథం గారు.

"అదేనండి."

"ఏది?"

"తమరికి తెలిసిందేనండి."

"నాకు తెలుసునని నువ్వెలా అనగలవు?"

గవర్రాజు సేవకుడికేసి చూశాడు. సేవకుడు గవర్రాజుకేసి చూశాడు.

"అందరికీ తెలిసిందేనండి."

"అంటే ఈ ఊళ్ళో ప్రతివాడి మనసులోనూ ఆ మాట ముందే ఉందంటావు?"

గవర్రాజుకి చెమటలు పట్టాయి. చెమటల్లో కూడా ఆ పదార్థమే ఉంటుంది కాబట్టి గబగబా తుడుచుకున్నాడు.

నేనెందుకు లేచానో నాకు తెలీదు. వరాలు అన్న మాట ఇంకా చెవిలో ఉందేమో. "ఒక్క ప్రశ్న" అన్నాను. కోర్టంతా నాకేసి తిరిగింది. బంట్రోతు నోరు తెరిచాడు.

"గవర్రాజు గారూ, ఆవిడ జవాబు చెప్పకముందే మీరు మొహం చిట్లించారట. ఎందుకు?"

"ఎండ కొట్టిందండి."

"బడ్డీకి కప్పు ఉంది."

అతను మళ్ళీ సేవకుడికేసి చూశాడు. "భక్తండి" అన్నాడు చివరికి. "ధార నోట్లో పడేసరికి భక్తి తన్నుకొచ్చి, మొహం అలాగైపోయింది."

సేవకుడు కళ్ళు తుడుచుకుని "ధారకు జయం" అన్నాడు. కోర్టు లేచి నిలబడి జయం పలికింది. నేనూ పలికాను. సన్యాసమ్మ బోను కమ్మీ మీద గడ్డం ఆనించి, "అలగైతే నానూ మా బాగా భక్తురాలినే బాబూ, ఆ సారు రుసి సూసినప్పుడల్లా నా మొగం కూడా అలగే అయ్యేది" అంది. వెనక బల్లల్లో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

నమోదు 5

మా ఇంటి కిటికీ పగలగొట్టారు. వకీళ్ళ సంఘం నోటీసు పంపింది: ప్రశ్న అడగడం వృత్తిధర్మానికి విరుద్ధం.

అప్పన్న తాత పోయాడు. మరణపత్రం మీద కారణం "అనుగ్రహం" అని రాసిచ్చారు. కొడుకు ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. "వకీలు గారూ, దీన్ని పటం కట్టించుకోమన్నారండి. అదృష్టవంతుడట మా అయ్య" అన్నాడు. ఆ మాట అంటూ ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఏడిస్తే అనుగ్రహానికి ఏడ్చాడంటారని వరాలు అతన్ని లోపలికి లాగి తలుపు వేసింది.

నమోదు 6

లోకనాథం గారు ఇంటికి రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆయన భార్య శారదమ్మ గారు వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. కాళ్ళు, చేతులు, మొహం, అన్నీ వాచి ఉన్నాయి. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నిస్తే కళ్ళు మూసుకుపోయాయి. లోకనాథం గారు చెంచాతో నీళ్ళు పట్టించబోతే ఆవిడ తల తిప్పేసుకున్నారు.

"మూడు రోజులుగా ఇంతే" అన్నారాయన, చెంచా పక్కన పెట్టి. తర్వాత న్యాయమూర్తి గొంతు తెచ్చుకున్నారు. "పరదేశి గారూ, ప్రాయశ్చిత్తపానం అని ఒకటుంది. ముద్దాయి జనం ముందు నిలబడి నా నాలుకది తప్పు అనాలి. చెంబెడు ధార తాగాలి. అంతటితో శిక్ష రద్దవుతుంది. సేవకులు ఒప్పుకున్నారు."

"నాలుకది తప్పేనంటారా, అయ్యా?"

"నన్నలాంటివి అడక్కండి. ఆవిణ్ణి మెట్లు దింపకుండా ఉండే దారి ఇదొక్కటే నాకు దొరికింది."

ఠాణాకి వెళ్ళి సన్యాసమ్మకి చెప్పాను. వీరనారిలా తిరస్కరిస్తుందేమోనని కొంచెం భయపడ్డాను. ఆమె వెంటనే తలూపింది.

"అలగే అంటాను బాబూ. నాలుకే కదా, దానికేటి, అంటే పడతాది. మరి నా బడ్డీ నాకిచ్చీత్తారా?"

నమోదు 7

ఇది చేతికి సంకెళ్ళుండగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి, ఎవరైనా చదివితే.

కోర్టు వాకిలి నిండా జనం. ధార గుడి నుంచి మేళతాళాలతో ఇత్తడి చెంబు వచ్చింది. ఆచారం ప్రకారం న్యాయమూర్తి మొదటి గుక్క తాగాలి. లోకనాథం గారు తాగారు. ఆయన మొహంలో ఒక్క నరం కదల్లేదు. న్యాయమూర్తి కావడానికి అన్నేళ్ళ శిక్షణ ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

సన్యాసమ్మ చెంబు అందుకుంది. "నా నాలుకది తప్పు" అంది, గట్టిగా, అందరికీ వినపడేలా. కళ్ళు మూసుకుని తాగింది. సగం దాకా తాగింది. ఒప్పందం ప్రకారం చెయ్యాల్సిందంతా ఆమె చేసింది. కడుపు మాత్రం ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. వంగి, మోకాళ్ళ మీద పడి, తాగిందంతా కక్కేసింది.

"ఉమ్మేసింది! ధారను ఉమ్మేసింది!" అని గవర్రాజు కేకపెట్టాడు. జనం మీద పడ్డారు. ఎవడో ఆమె జుట్టు పట్టుకుని మెట్ల వైపు ఈడ్చాడు. ఆమెకి అరవడానికి కూడా ఊపిరి అందడం లేదు.

నేను ధైర్యవంతుణ్ణయ్యానని ఎవరూ అనుకోవద్దు. నాకు కోపం వచ్చింది, అంతే. కోపానికి సెక్షన్లు తెలీవు. "కక్కుకోక ఏం చేస్తుంది? మీరు తాగడం లేదా? మీ పిల్లలు తాగడం లేదా? నీళ్ళు ఉప్పగా ఉన్నాయి!" అని అరిచాను.

ఎవడైనా ఒక్కడు నాతో గొంతు కలుపుతాడేమోనని చూశాను. ఎవడూ కలపలేదు. నింద వినడం కూడా పాపమే కాబట్టి అందరూ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. మూసుకోవాలంటే ఆమె జుట్టు వదలాల్సి వచ్చింది. నా మొత్తం వకాలతులో ముద్దాయికి కలిగిన లాభం అదే.

లోకనాథం గారు వాకిట్లో వేసిన బల్ల మీద కొట్టారు. "మెట్లు దింపాలంటే తీర్పులో నింద ఏమిటో రాయాలి. రాసినవాడు నిందాపరుడవుతాడు. కాబట్టి రాయడానికి తగిన పవిత్రమైన భాష దొరికేవరకు వీళ్ళని జైల్లో ఉంచండి." సేవకుడు మొహం మాడ్చుకున్నాడు. లోకనాథం గారు గొంతు పెంచారు. "నిందాపరుల నాలుకకి ధార తగలడం అపచారం. వీళ్ళకి ధారనీళ్ళు ఒక్క చుక్క కూడా ఇవ్వరాదు."

దానికి సేవకుడు చప్పట్లు కొట్టాడు. జనం కూడా కొట్టారు. దాహంతో చస్తామని వాళ్ళ సంతోషం. నేనూ అదే అనుకున్నాను.

నమోదు 8

జైలర్ చట్టం తెలిసిన మనిషి. ఖైదీలు దాహంతో చస్తే తను సంజాయిషీ ఇచ్చుకోవాలి. ధార ఇస్తే తనే ఖైదీ. ఆలోచించి ఆలోచించి, జైలు కప్పు మీద వాననీళ్ళు నిలిచే తొట్టికి గొట్టం పెట్టించాడు. "పరజలం. మీకు ఇదే గతి" అని, మొహం పక్కకి తిప్పుకుని ముంత అందించాడు.

మాతోపాటే జైలుకి తెచ్చిన దాలినాయుడు ముందు తాగాడు. తాగి ముంతకేసి చూశాడు. మళ్ళీ తాగాడు. తర్వాత నాకిచ్చాడు.

నీళ్ళకి రుచి ఉండదని చిన్నప్పుడు చదివాను. ఎంత గొప్ప సంగతో ఇప్పుడు తెలిసింది. ఏ రుచీ లేకుండా చల్లగా గొంతులోంచి జారిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సన్యాసమ్మ రెండు ముంతలు తాగి, మూతి తుడుచుకుని, జైలర్ని పిలిచింది. "బాబూ, వంటెవుల్ది? మీ వంటోడి సంకటి పందులు కూడా తినవు. నాకు పొయ్యి సూపించు. కూసింత ఉప్పు కూడా తెప్పించు. ఎన్నాల్టికో ఉప్పేసి వండుకునే రాత పట్టినాది."

నమోదు 9

గవర్రాజు జైలుకొచ్చాడు.

సన్యాసమ్మ బడ్డీ అతనికి దక్కింది. అదే చోటు, అదే పొయ్యి, కుళాయి కూడా అదే. రేవుకూలీ ఒకడు చారు నోట్లో పోసుకుని "ఇదేటిలగున్నాది?" అని అడిగాడు. గవర్రాజు అలవాటు కొద్దీ "నేనేం వెయ్యలేదురా, నీళ్ళే ఉ" అని ఆగిపోయాడు. ఆగినా లాభం లేకపోయింది. ఆ కూలీకి కూడా బడ్డీ మీద ప్రేమ ఉంది.

విచారణలో పెద్ద చర్చ జరిగిందట. పూర్తి నింద కాదు, ఒక్క అక్షరం. చివరికి దాన్ని అరనింద అని తేల్చి, అరశిక్ష వేశారు. ఒక రోజు వాననీళ్ళు, ఒక రోజు ధారనీళ్ళు. ధారరోజు వస్తే గవర్రాజు పొద్దున్నించీ గోడకి ఆనుకుని మూలుగుతాడు.

ఇవాళ ధారరోజు. మధ్యాహ్నం వడ్డిస్తూ సన్యాసమ్మ అతని ముందు ఆగింది.

"మాట పూర్తి సెయ్యరా."

"ఏం మాట?"

"ఆ రోజు సగంలో మింగీసినావు కదా. అదే. పూర్తి సేసీ. దాలినాయుడు రాసుకుంటాడు. రేపట్నించి ఏ రోజూ బాధుండదు."

గవర్రాజు తల దించుకున్నాడు. "నీ బడ్డీ లాక్కున్నాను" అన్నాడు.

"అది నాకు తెలవదేటి? ముందు మాట సూడు."

గవర్రాజు మాట పూర్తి చేశాడు. ఆమె ముంత నింపి అతని ముందు పెట్టి, తర్వాతి విస్తరికి వెళ్ళిపోయింది.

నమోదు 10

వరాలు వచ్చింది. చూడటానికి వచ్చిందనుకున్నాను. చేతిలో బట్టల మూట ఉంది.

"ఠాణా ముందు నిలబడి అన్నాను" అంది. "మొదటిసారి వాళ్ళు వినపడనట్టు ఊరుకున్నారు. రెండోసారి అంటే, ఇంటికెళ్ళమ్మా, మీ ఆయన లోపలున్నాడనే బాధలో ఉన్నావు అన్నారు. మూడోసారి ఎస్సై చెవి దగ్గరికెళ్ళి అరిచాను."

"ఎందుకు వరాలూ?"

"మీరు కోర్టులో మాట్లాడారటగా. ఊరంతా చెప్పుకున్నారు. ఇంట్లో మాట్లాడితే విందామని వచ్చాను." ముంత అందుకుని ఒక్క బిగిన తాగేసింది. నన్ను చూసి నవ్వింది, ఏడ్చింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. వకాలతుకి సంబంధం లేదు.

ఆమె వెనకే ఇంకో నలుగురు వచ్చారు. అప్పన్న తాత కొడుకు, పిల్లల్ని ఎత్తుకుని ఇద్దరు తల్లులు వాళ్ళలో ఉన్నారు. జైల్లో నీళ్ళు ఎలా ఉంటాయో ఊళ్ళో తెలిసిపోయింది.

నమోదు 11

జైలు గేటు ముందు వరస. తెల్లారకముందే వచ్చి చెప్పులు, ఇటుకలు పెట్టి చోటు పట్టుకుంటున్నారు. నిందను రాయడానికి ఏ పోలీసూ సాహసించడం లేదు. జైలర్ దాలినాయుడి దగ్గరికొచ్చి, "నువ్వెలాగూ రాసేసినవాడివే, నీకింక కొత్తగా అంటుకునే పాపమేముంది?" అని బల్ల, కుర్చీ వేయించాడు. ఊళ్ళో నిందను చట్టబద్ధంగా రాయగల మనిషి ఆయనొక్కడే.

"పేరు? ఊఁ, అనండి. గట్టిగా అనాల. ఆఁ, అయిపోనాది. తర్వాతెవులు? ఓలమ్మా, గుంటడి చేత కూడా అనిపించాల, ఆడికి మాటలు రావా? పోనీ ఏడిపించు, సరిపోద్ది." సాయంత్రమయ్యేసరికి కలం జేబులో పెట్టుకుంటాడు. "ఈయేల్టికి సాలు. మిగిలినోలు రేపొచ్చి నిందించండి."

వానలు బాగా పడుతున్నాయి. తొట్టి పొర్లుతోంది. సన్యాసమ్మ పొయ్యిలు పెంచింది. గవర్రాజు కూరలు తరుగుతున్నాడు.

నమోదు 12

పెద్దసేవకులు అత్యవసర సభ పెట్టారట. నిందాపరులకి వాననీళ్ళు ఆపి, శిక్షగా ధారనీళ్ళే తాగించాలని ప్రతిపాదన వచ్చింది. అందరూ తలలూపారు. అప్పుడు ఒక ముసలి సేవకుడు లేచి, "ధారను శిక్ష అంటే, అది ధారనింద కాదా?" అని అడిగాడు.

ప్రతిపాదన తెచ్చిన సేవకుణ్ణి సాయంత్రం ఇక్కడ దింపి వెళ్ళారు. దాలినాయుడు ఆయనకి వరసలో మొదటి చోటు ఇచ్చాడు. పెద్దవారు కదా అని.

నమోదు 13

మధ్యాహ్నం లోకనాథం గారు వచ్చారు. శారదమ్మ గారిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ, వరసలో నిలబడి వచ్చారు. ఆయన్ని చూసి జనం దారి ఇవ్వబోతే వద్దన్నారట. గేటు దగ్గర సన్యాసమ్మే ఉంది.

ఆమె ముందు శారదమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని, ముంత పెదాలకి ఆనించింది. ఆవిడ తల తిప్పుకోబోయి, ఆగి, తాగారు. గుక్కగుక్కగా మొత్తం తాగారు.

"ఆవిడేటీ అనక్కర్లేదు" అని సన్యాసమ్మ లేచి నిలబడింది. "తమరు అనాల."

లోకనాథం గారి పెదాలు కదిలాయి.

"ఇనపడనేదు బాబూ. కోర్టులో తమరి గొంతు ఎనకబల్ల దాకా ఇనపడేది."

ఆయన నిటారుగా నిలబడ్డారు. "నీళ్ళు ఉప్పగా ఉన్నాయి" అన్నారు. తీర్పు చదివే గొంతుతోనే. తర్వాత చాలా మెల్లగా, "ఆ రోజు నేను మొదటి గుక్క తాగినప్పుడే తెలుసు" అన్నారు.

"తమరికి తెలుసని నాకూ తెలుసు బాబూ" అంది ఆమె. ఆయనకీ ముంత ఇచ్చింది. ఇవ్వడానికి కొంచెం టైము తీసుకుంది.

ఆయన నీళ్ళు తాగి, దాలినాయుడి దగ్గర కలం అడిగారు. నిందాపరుడయ్యాక నిందను రాయడానికి ఇంక అడ్డం లేదు. ఉత్తర్వులు రెండు రాశారు. మొదటిది గర్భగుడి సీలు పగలగొట్టి, ధార లోపల ఏం పాడైందో చూడమని. దాన్ని పట్టుకుని రేవుకూలీలు కొందరు గుడి వైపు వెళ్ళారు. తలుపు తెరిచారో, తలలు పగలగొట్టించుకున్నారో ఇంకా కబురు రాలేదు.

రెండోది సన్యాసమ్మ కేసులో తీర్పు. అందరూ వినేలా చదివారు. ముద్దాయి అన్న మాట నిజం, నిజం నింద కాదు, కాబట్టి ముద్దాయిని ఈ క్షణం నుంచి విడుదల చేస్తున్నాం. ఆమె బడ్డీ ఆమెకి అప్పగించాలి.

చప్పట్లు మోగాయి. వరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గెలుపు అంటే ఇలా ఉంటుందా అనుకుంటుండగా సన్యాసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇడుదలా?" అంది. గేటు అవతలికి చూసింది. రేవు కుళాయిలోంచి అదే ధార కారుతోంది, పక్కన బిందెలు బోర్లించి ఉన్నాయి. "ఓలమ్మో! నానేటి తప్పు సేసినానని బాబూ, బయటికి తోలీత్తన్నారు?"

లోకనాథం గారు తీర్పు కాగితం మళ్ళీ చదువుకున్నారు. విడుదలైన మనిషిని జైల్లో ఉంచడం నేరం. ఆమె మళ్ళీ ఆ మాట అంటే లోపల ఉండవచ్చుగానీ, ఆ మాట నింద కాదని ఇప్పుడే తీర్పు చెప్పేశారు. జైలర్ తాళాల గుత్తి పట్టుకుని, ఎవరికి తియ్యాలో ఎవరికి వెయ్యాలో తెలీక అందరి మొహాలూ చూస్తున్నాడు.

"పరదేశి గారూ, మీ ముద్దాయి అప్పీలు చేసుకోవచ్చు" అన్నారు చివరికి.

కేసు గెలిచాను. ఆ గెలుపు రద్దు చెయ్యమని అప్పీలు రాస్తున్నాను. లోకనాథం గారే పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఏ సెక్షను కింద వేస్తే నిలుస్తుందో చెబుతున్నారు.